మార్జిన్‌లో రాసింది కూడా

ముందే ఒప్పేసుకుంటా. ఫోటోలోంచి అక్షరాలు లాగే ఆ ప్రోగ్రాం మా షురూక్ స్నేహితురాలు యుమ్నా ఫోన్‌లో వేసిచ్చింది నేనే. పేజీ ఫోటో పెడితే చాలు, అందులో ఉన్నదంతా మనం దిద్దుకునేలా టైపు చేసినట్టు వచ్చేస్తుందని గొప్పగా చూపించా కూడా. దానికో జబ్బుంది. పేజీలో ఏది పాఠమో, ఏది పక్కన గీకిందో దానికి తెలీదు. వరసలో ఏది కనబడితే అది చదివేస్తుంది. మనకి కావాల్సినంత మేరే చుట్టూ గీత గీసి చూపించాలి. ఆ గీత సంగతి చెప్పడానికి నాకు బద్ధకమేసింది. తను చదువుకోడానికేగా, చూసుకుంటుందిలే అనుకున్నా.

షురూక్ మా మేనమామ కూతురు. కైరోలో లా నాలుగో ఏడు. మూడేళ్లూ క్లాసులో ఫస్టే. ఈ ఏడూ ఫస్టొస్తే అదే కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం ఇస్తారు. సెకండొస్తే శుభాకాంక్షలు చెప్పి పంపిస్తారు. మామయ్య మెట్రో స్టేషన్‌లో టికెట్ల కిటికీ వెనకాల ఇరవై ఆరేళ్లుగా కూర్చుంటున్నాడు. ఆ కాలేజీ ఉద్యోగం గురించి ఇంట్లో ఎవరూ పైకి అనరు, దిష్టి తగులుతుందని. కానీ అందరూ దాని మీద ఆశతోనే బతుకుతున్నారు.

యుమ్నా మొదటి ఏడాది మొదటి రోజు నుంచీ షురూక్ పక్కనే. ముందొచ్చినవాళ్లు రెండోవాళ్ల కోసం బెంచీ మీద బ్యాగు పడేసి ఉంచేవాళ్లు. డాక్టర్ మహ్‌రూస్ సివిల్ ప్రొసీజర్ చెప్తుంటే మాత్రం నోరు విప్పకూడదు, విప్పితే తలుపు చూపిస్తాడు. అందుకని వీళ్లిద్దరూ షురూక్ నోట్సు మార్జిన్‌లో పెన్నుతో కబుర్లాడుకునేవాళ్లు. పాఠం పాఠమే, పక్కన కబుర్లు కబుర్లే. షురూక్ అక్షరాలు అచ్చు గుద్దినట్టుంటాయి, కబుర్లు కూడా.

మార్చిలో యుమ్నాకి కామెర్లొచ్చి మూడు వారాలు మంచం దిగలేదు. ఆ మూడు వారాలూ షురూక్ మార్జిన్‌లో ఒక్కతే రాసింది. పడుకున్న పిల్ల చదివి నవ్వుకోవాలని మామూలు కన్నా ఎక్కువే రాసింది. తర్వాత నోట్సు పట్టుకెళ్లి ఇచ్చింది. నోట్సు ఎవరికీ ఇవ్వనిది, ఇచ్చింది. యుమ్నా మర్నాడే తిరిగి పంపింది, పైన వాళ్లమ్మ ద్రాక్షాకుల్లో అన్నం చుట్టి చేసిన మహ్షీ డబ్బాతో సహా. ఫోటోలు తీసుకున్నానే, నీ రుణం తీర్చుకోలేను అంది.

మౌఖిక పరీక్షకి వారం ముందు, ఏదో దరఖాస్తు జిరాక్స్ తీయించుకుందామని షురూక్ బయ్యూమీ బాబాయ్ కొట్టుకెళ్లింది. యూనివర్సిటీ వెనక సందులో అన్నీ జిరాక్స్ కొట్లే. పరీక్షలొస్తే వేడి తామెయ్యా వడల కోసం ఎగబడ్డట్టు నోట్సుల కోసం ఎగబడతారు. బల్ల మీద నీలం అట్టల పుస్తకాల దొంతర. "సివిల్ ప్రొసీజర్, సంపూర్ణ సారాంశం. కూర్పు: యుమ్నా షల్బీ."

తెరిచింది. ఇద్దరన్నదమ్ములు కొషరీ అన్నం అమ్మే కొట్టు కోసం కోర్టుకెళ్లిన ఉదాహరణ ఉంది. అది మహ్‌రూస్ చెప్పింది కాదు, షురూక్ సొంతంగా కల్పించుకుంది. వాక్యం వాక్యం తనదే. ఇంకో పేజీ తిప్పింది.

"అప్పీలు గడువు నలభై రోజులు. యుమ్నా, ఇవాళ మీసానికి రంగేసుకొచ్చాడే, సగం చెవికే పూసుకున్నాడు. ఈ గడువు తీర్పు వెలువడిన నాటి నుంచి మొదలవుతుంది."

పుస్తకం రాసినామె తనని తానే పిలుచుకుని మరీ మహ్‌రూస్ మీసం గురించి చెప్పుకుంటోంది. మూడోసారి అచ్చేస్తున్నానమ్మా, పిల్లలు దీన్ని చదువుతూ పడీపడీ నవ్వుతున్నారు, లా పుస్తకం చదివి నవ్వడం నా జన్మలో చూళ్లేదు అన్నాడు బయ్యూమీ.

షురూక్ తిన్నగా యుమ్నా ఇంటికెళ్లింది. యుమ్నా ముందు తడబడింది, తర్వాత టీ పెట్టింది. చెప్దామనే అనుకున్నా, కుదర్లేదంది. నోట్సు నీ దగ్గరే ఉందిగా, నీకేం తగ్గింది, ఎలాగూ ఫస్టు నీదే కదా అంది.

"మరి నా పేరెందుకు లేదే?"

"నీకసలే మొహమాటం. పేరేస్తే ఒప్పుకుంటావా?"

షురూక్ టీ కప్పు పక్కకి జరిపింది.

"పుస్తకం అచ్చుకిచ్చే ముందు నువ్వు ఒక్కసారైనా చదివావా?"

"నేనెందుకు చదవడం? ఫోనే చదివేసిందిగా."

షురూక్‌కి మీసం సంగతి నాలిక చివర దాకా వచ్చింది. మింగేసింది. చావనీ, దొరికితే తనే దొరుకుతుంది, పేరు తనదేగా అనుకుంది. షురూక్ బతుకులో తీర్చుకున్న కక్ష అంతా అదొక్కటే, అది కూడా నోరు మూసుకోవడం.

పరీక్ష రోజు వరండా నిండా పిల్లలు. డాక్టర్ మహ్‌రూస్ వరస పక్కనపెట్టి యుమ్నాని ముందు పిలిచాడు. బల్ల మీద నీలం అట్ట పుస్తకం. తలుపు వెయ్యలేదు, కావాలనే కాబోలు. మీసం పేజీ తీసి ఆయనే పైకి చదివాడు, కోర్టులో తీర్పు చదివినట్టు.

యుమ్నా ఒక్క క్షణం కూడా ఆగలేదు.

"నాది కాదు డాక్టర్. అక్షరం అక్షరం షురూక్ రాసిందే. నేను అచ్చు వేయించానంతే. చూడండి, తన చేతిరాత." ఫోన్ తీసి ఫోటోలు ఒక్కొక్కటే జరుపుతూ చూపించింది.

బయటికొస్తూ గుమ్మంలో షురూక్‌కి ఎదురుపడింది. తల దించుకోలేదు.

"పేరు లేదని బాధపడ్డావుగా. చెప్పేశా."

లోపల డాక్టర్ మహ్‌రూస్ ఇది నీదేనా అనడిగాడు. కాదంటే పాఠం కూడా తనది కాకుండా పోతుంది, పైగా ఆ చేతిరాత ఎదురుగా ఉంది.

"నాదే డాక్టర్. మొత్తం."

"మొత్తమంటే?"

"మార్జిన్‌లో రాసింది కూడా."

ఆయన ముప్పావుగంట ప్రశ్నలడిగాడు. ఆమె ఎక్కడా ఆగలేదు. చివర్లో ఆయన కళ్లజోడు తీసి, గడువుల గురించి నా పుస్తకంలో కన్నా నువ్వే తేటగా రాశావు, అన్నాడు. చిన్నగా నవ్వాడు కూడా. షురూక్ ఇంటికొచ్చి మంచివాడే పాపం, అంది మాతో. మామయ్య ఆ రోజు బస్‌బూసా మిఠాయి తెచ్చాడు. ఎందుకు తెచ్చాడో మేమెవరం అడగలేదు.

రెండు వారాలకి మార్కులొచ్చాయి. మౌఖికంలో షురూక్‌కి సరిగ్గా పాసు మార్కు. ఒక్క మార్కు తగ్గి ఫెయిలయినా ఫిర్యాదు పెట్టుకునే వీలుండేది. ఫస్టు ర్యాంకు, దాంతోపాటు ఉద్యోగం, ముందు బెంచీలో కూర్చునే ఒక కుర్రాడికి వెళ్లాయి. షురూక్‌తో అతను నాలుగేళ్లలో నాలుగు మాటలు కూడా మాట్లాడి ఉండడు, పాపం అతని తప్పేం లేదు. యుమ్నా కూడా పాసయింది. షురూక్ కన్నా ఆరు మార్కులు ఎక్కువ. నిజాయితీకి వేసినట్టున్నాడు.

మామయ్యకి విషయం చెప్తే, సరేలేమ్మా, లాయర్లకి కరువా అన్నాడు. చొక్కా మార్చుకుని డ్యూటీకెళ్లిపోయాడు. ఆ రోజు ఆయనకి సెలవు.

షురూక్ ఇప్పుడు ఓ లాయరు దగ్గర కాగితాలు రాస్తోంది, మార్జిన్ తెల్లగా వదిలేసి. యుమ్నా పండక్కి ఫోన్ చేసింది, ఏమే ఇంకా కోపమేనా అని. షురూక్ ఫోన్ చెవికి పెట్టుకునే నిలబడింది, అవతల అది పెట్టేసేదాకా.

మీ దగ్గర తీసుకున్నంతసేపూ తనదని చెప్పుకుని, తప్పు బయటపడగానే మీ పేరు గుర్తుకొచ్చిన మనిషి మీకూ తగిలే ఉంటుంది. ఎవరు? అప్పుడు మీరేమన్నారు? నాకు రాయండి. షురూక్ కూడా చదువుతుంది. ఆ గుమ్మంలో ఏమనాల్సిందో తనకి ఇప్పటికీ తట్టలేదట.