కాదన్నవాళ్ల అర్రలు

పొద్దున ఏడయ్యేసరికి నజీరుద్దీన్ తన టీవీఎస్ బండికి ఒకపక్క పసుపు రంగు డబ్బా, ఇంకోపక్క నల్ల రంగు డబ్బా కట్టుకుని బయల్దేరుతాడు. ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల నిన్నటిదాకా జొన్న మొలిచిన చేలల్లో ఈ మధ్య ప్లాటు రాళ్లు మొలుస్తున్నాయి. రాయికి పసుపు పూసి, దాని మీద నల్లగా నంబరు రాయడం అతని పని. అటు కందుకూరు దాకా, ఇటు మంచాల దాకా రాళ్ల మీద ఉన్నవి అతని చేతి అంకెలే. నిన్న రాసిన నంబర్లన్నీ తుడిచి మళ్లీ రాయమన్నా, ఎంత ఎండలోనైనా, "అట్లనే పటేలా" అంటాడు.

అందుకే సొంత ఇంట్లో అతనికి ఒక అర్ర లేదు.

ఇది కొంచెం విడమరిచి చెప్పాలి. పాత బస్టాండు వెనక సందులో ఉన్న ఆ ఇల్లు మొదట ఒక్క నడిమిల్లు, ఒక వరండా. అంతే. ఆ తర్వాత మేస్త్రీ ఎవరూ ఆ ఇంటి గడప తొక్కలేదు. ఆ ఇంటివాళ్లు ఎవరైనా, కాదనడానికి వీల్లేని మనిషిని ముఖం మీద కాదంటే, తెల్లారేసరికి ఇంటికి ఒక అర్ర లేస్తుంది. గోడలు, సున్నం, తలుపు గొళ్లెంతో సహా.

మొదటి అర్ర నజీరుద్దీన్ తల్లి మదీనా బీది. పెళ్లైన రెండో ఏడు, గాజుల గంపతో మంచాల అంగడికి పోవడం మానెయ్యమని మామ హుకుం వేస్తే, "మానను" అని గంప నెత్తికెత్తుకుంది. మర్నాడు ఉత్తరం వైపు అర్ర లేచింది, గాజులు పెట్టుకునే అరలతో. ఎండాకాలమంతా అందులో పడుకున్నది మాత్రం ఆ మామగారే. రెండోది ఆమె మనవడు, నజీరుద్దీన్ కొడుకు నవీద్‌ది. దుబాయి ఏజెంటుకు పాస్‌పోర్టు ఇవ్వనని తెగేసి చెప్పిన మర్నాడు, రోడ్డు వైపు షట్టరుతో ఒక అర్ర లేచింది. అందులో బండ్లు బాగుచేసుకుంటూ హాయిగా ఉన్నాడు.

మున్సిపాలిటీ బిల్లు కలెక్టరు బాలస్వామి ఏటా టేపు పట్టుకుని వస్తాడు. "ఈ ఏడు ఎవలు ఎదురుతిరిగిన్రే మదీనా బీ?" అని అడిగి, కొలత రాసుకుని పోతాడు. పక్కింటి సుగుణమ్మకు ఒకటే బాధ, తన మునగచెట్టుకు ఎండ తగలకుండా పోతుందని.

నజీరుద్దీన్ మాత్రం యాభై రెండేళ్లకూ వరండాలో నులకమంచం మీదే. భార్య పోయాక కూతురు సాయిమా నడిమింట్లో పడుకుంటోంది. ఆ పిల్ల అడిగింది తండ్రి ఏనాడూ లేదనలేదు. సైకిలంటే సైకిలు, డిగ్రీ అంటే డిగ్రీ.

ఆ సాయిమా, తండ్రికి రాళ్ల పని ఇచ్చే సంజీవ పటేలు వెంచర్ ఆఫీసులోనే కంప్యూటర్ మీద లేఅవుట్లు గీస్తుంది. ఏ రోడ్డు ఎటు తిరుగుతుందో, మూల ప్లాటు ఎలా వస్తుందో ఆమె గీస్తే చిన్నపిల్లాడికి కూడా అర్థమవుతుంది. ఒక్కటే ఆమెకు మింగుడుపడదు. వెంచర్‌లో కుంట ఉన్నచోట ఆకుపచ్చ రంగు నింపి 'పార్కు' అని రాయమంటాడు పటేలు. రాసినప్పుడల్లా ఆ రోజు అన్నం సయించదు.

డిగ్రీలో ఆమెతో చదివిన శ్రీలేఖ, ఆమె అన్న ఫణి తుర్కయాంజాల్‌లో ఉంటారు. తెనాలి వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. అన్నాచెల్లెళ్లిద్దరూ ఏడాదిగా ఫోన్లో ఆడుకునే ఆట ఒకటి తయారుచేస్తున్నారు. ఎల్బీనగర్ నుంచి ఇబ్రహీంపట్నం దాకా షేర్ ఆటో నడపాలి. ముగ్గురు కూర్చునేచోట ఆరుగుర్ని సర్దాలి, గుంతలు తప్పించాలి, ఎవరి స్టాపులో వాళ్లను దించాలి. ఆటో తయారైంది. తిట్టుకునే ప్రయాణికులు, హారను, చివరికి ఆటోలో ఒక మేక కూడా తయారైంది. రోడ్డు మాత్రం రాలేదు. వాళ్లిద్దరికీ రోడ్డు గీయడం చేతకాదు.

ఒక సాయంత్రం బస్టాండు దగ్గర చాయ్ తాగుతూ ఫణి అడిగేశాడు.

"మాతో వచ్చెయ్ సాయిమా. సాయంత్రాలు కాదు, పూర్తిగా. జీతం లేదు, ముందే చెప్తున్నాను. జనం ఆడితే అప్పుడు చూద్దాం."

"ఆడకపోతే?"

"ఇంకో ఆట చేస్తాం."

ఆ జవాబు సాయిమాకు తెగ నచ్చింది. భయం కూడా వేయాలి కదా, అది మాత్రం వేయలేదు. శ్రీలేఖ అసలు సంగతి తర్వాత చెప్పింది. "మా నాన్న ఆదివారంకల్లా ముందు గది ఖాళీ చెయ్యమన్నారు, అద్దెకిచ్చేస్తారట. చోటు దొరక్కపోతే మేమూ ఉద్యోగాలు వెతుక్కోవాల్సిందే."

సరిగ్గా ఆ వారమే సంజీవ పటేలు సాయిమాను పిలిచి, కందుకూరు సైటు ఆఫీసు మొత్తం ఆమె చేతికే ఇస్తానన్నాడు. శుక్రవారానికి మాట చెప్పాలి.

సాయిమా మనసులో ఏం చెప్పాలో తేలిపోయింది. కానీ ఆ ఇంట్లో పుట్టిన పిల్ల కదా, తన 'కాదు' అనే మాట గట్టిదో ఉత్తదో ముందు ఇంటిని అడగాలనుకుంది. నడిమింటి గోడ ముందు నిలబడి "కందుకూరుకు పోను" అంది. తెల్లారి లేచి చూస్తే ఏమీ లేదు. మర్నాడు ఇంకా గట్టిగా అంది. మూడోనాడు అరిచింది. సుగుణమ్మ మునగచెట్టు మీది కాకులు లేచిపోయాయి గాని, అర్ర లేవలేదు.

"ఇల్లే ఒప్పుకుంటలేదు దాదీ. నాది ఉత్త మాటేనేమో."

మదీనా బీ బియ్యంలో రాళ్లేరుతూ తల కూడా ఎత్తలేదు. "గోడకు చెప్తె గోడేమిస్తది? చెప్పాల్సినోని మొకం మీద చెప్పు, పో."

శుక్రవారం ఆఫీసుకు పోయేసరికి నజీరుద్దీన్ కూడా అక్కడే ఉన్నాడు, కొత్త డబ్బాల కోసం. సాయిమా నేరుగా పటేలు టేబుల్ ముందుకు పోయింది.

"కందుకూరుకు పోను సార్. ఈడ కూడ చెయ్య. కుంటను పార్కని ఇంక నా చేతితోని రాయ."

"మరేం జేస్తవ్?"

"ఆట తయారు జేస్త."

పటేలు నవ్వాడు. నవ్వడం అయ్యాక మూలన నిలబడ్డ నజీరుద్దీన్ వైపు తిరిగాడు. "ఇంటున్నవా నజీరూ? నీ బిడ్డకు జర బుద్ధి చెప్పు. నువ్వు చెప్పకపోతె, ఆ డబ్బలు ఆడ్నే పెట్టి పో."

ముప్ఫై ఏళ్ల అలవాటు. నజీరుద్దీన్ నోరు దానంతటదే తెరుచుకుంది. "అట్ల..." అని ఆగిపోయింది. చెమటలు పట్టాయి. కూతురి ముఖంలోకి చూశాడు, డబ్బాలు కింద పెట్టాడు.

"చెప్ప పటేలా," అన్నాడు.

శనివారం తెల్లారి సాయిమా కళ్లు నలుపుకుంటూ లేచి వెతికింది. ఆమెకు అర్ర లేదు. వరండా కూడా లేదు. వరండా ఉన్నచోట నాలుగు గోడలు, తూర్పున ఒక కిటికీ, మధ్యలో నులకమంచం, మంచం మీద బిత్తరపోయి కూర్చున్న నజీరుద్దీన్. తలుపు మూస్తాడు, తెరుస్తాడు, మళ్లీ మూస్తాడు. తనకంటూ ఒక తలుపు ఉంటుందని ఆయన ఎన్నడూ అనుకోలేదు.

"మొకం మీదనే చెప్పిన గద దాదీ! నాకెందుకు రాలే?" సాయిమాకు ఏడుపొచ్చింది.

"నీకు భయమేడుండె? ఇష్టమై పోతున్నవ్. భయపడ్డది వాడు."

సాయిమా ముక్కు చీదుకుంది. "ఇయ్యకపోతె ఇయ్యకపోనీ. బస్టాండుల కూసొనైనా గీస్త. అర్రనడిగి బతుకుతనా నేను?"

ఆదివారం పొద్దున్నే ఫణి, శ్రీలేఖ రెండు కంప్యూటర్లు, ఒక బల్ల ఆటోలో వేసుకుని వచ్చేశారు. వాళ్ల నాన్న గోపాలరావు గది ఖాళీ చేయించేశాడు. నడిమిల్లంతా వంటా, రాకపోకలూ, నవీద్ అర్రలో ఇంజన్ ఆయిలు మధ్య చోటు లేదు, మదీనా బీ అర్ర నిండా గాజులే. సాయిమా తండ్రి గడప దగ్గరికి పోయింది.

"అబ్బా, నీ అర్ర మాకియ్యవా? పగటిపూటనే."

అడగడమే ఆలస్యం, ఇచ్చేస్తాడనే అందరూ అనుకున్నారు. ఫణి అప్పటికే బల్ల ఒకవైపు ఎత్తాడు. నజీరుద్దీన్ గడప మధ్యలో నిలబడి కూతురిని చూశాడు. రెండు చేతులతో ద్వారబంధం పట్టుకున్నాడు.

"ఇయ్య," అన్నాడు.

"అబ్బా?"

"నా అర్ర నాకే. నీకియ్య, పో."

తలుపు వేసుకున్నాడు. ఫణి బల్ల దించాడు. శ్రీలేఖ ఎటు చూడాలో తెలియక ఆటోవాణ్ని చూసింది. సాయిమాకు ఒళ్లు మండిపోయింది. కంప్యూటర్లు నడిమింట్లో పడేసి, రేపు ఎక్కడో ఒకచోట మొదలుపెట్టి తీరుదామని వాళ్లను సాగనంపింది. తండ్రితో మాట్లాడలేదు. మదీనా బీ మాత్రం ఆ పూట కొడుకు పళ్లెంలో రెండు ముద్దలు ఎక్కువ పెట్టింది. అతను ఒక్క ముద్దా తినలేదు.

సోమవారం సూర్యుడు వచ్చేసరికి సందు వైపు కొత్త అర్ర లేచి ఉంది. ఇంట్లో ఉన్న అర్రలన్నీ కలిపితే ఎంతో, అదొక్కటే అంత. పెద్ద పెద్ద కిటికీలు, గోడ పొడుగునా ప్లగ్గులు. సుగుణమ్మ తన గోడ మీంచి చూసి, మునగచెట్టు ఆశ వదులుకుంది.

సాయిమా పరుగెత్తుకొచ్చింది. నజీరుద్దీన్ అప్పటికే అక్కడ గోడకు ఆనుకుని చతికిలబడి ఉన్నాడు. కళ్లు వాచిపోయి ఉన్నాయి.

"తెల్సే అన్నవా అబ్బా?"

ఆయన తలూపాడు.

"పటేలుకు చెప్పుడు సుతం గింత కష్టం గాలే బేటా," అన్నాడు. "ఇగ జన్మల నాతోని నీకు కాదనిపియ్యకు."