ఘాట్‌లో పడిన పుస్తకాలు

మా సాలూరు వాళ్లకి రెండే విషయాలు తెలుసు. ఒకటి లారీ, రెండోది లారీ గురించి మాట్లాడటం. పిల్లకి సంబంధం చూసినా, పంటి నొప్పికి మందు వేసినా, ఆఖరికి దేవుడికి మొక్కినా వాళ్ల లెక్కంతా లారీ లెక్కే. నా క్యాట్ పరీక్షకి పుస్తకాలు ఎంచింది కూడా ఆ లెక్కతోనే. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అది 2015. విజయనగరంలో బీకాం పూర్తి చేసి ఇంటికొచ్చాను. క్యాట్ రాసి ఐఐఎంలో ఎంబీఏ చదవాలని నా పట్టుదల. మా నాన్న జగన్నాధానికి రెండు లారీలు, మెయిన్ రోడ్డు మీద ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు. ఆ ఆఫీసు గుమాస్తా మానేస్తానని అప్పటికే చెప్పి ఉన్నాడు. నాన్న నన్ను కూర్చోబెట్టి తేల్చేశాడు.

"ఒక్కసారి రాయి. సీటొస్తే ఎంతైనా పెట్టి సదివిస్తాను. రాలేదనుకో, మరి మాటాడకుండా వచ్చి ఆఫీసులో కూకోవాలి. మల్లీ రాస్తాను గిల్లీ రాస్తాను అన్నావంటే నాను ఊరుకోను."

ఆ ఆఫీసు పేరెత్తితేనే నాకు చిరాకు. గ్రీజు మరకల గోడలు, బల్ల మీద ఎప్పుడూ సగం తాగిన టీ గ్లాసులు. "బండెక్కడున్నాది, లోడెప్పుడు దిగుతాది" అని ఫోన్లో అరుస్తూ అరుస్తూ ముసలిదాన్నైపోవాలి. అందుకని ఆ ఒక్క అవకాశమూ జారిపోకూడదు. దానికి మంచి పుస్తకాలు కావాలి. నేను ఎంచుకుంటానంటే ఇంట్లో వింటేగా!

మొదట దిగబడ్డవాడు రమేష్‌బాబు. మా మేనత్త కొడుకు, నాకు బావ. వైజాగ్‌లో ఏదో కాలేజీలో మేనేజ్‌మెంట్ కోటా సీటు కొనుక్కుని ఎంబీఏ అనిపించుకున్నాడు. ఇప్పుడు బైకుల షోరూమ్‌లో జనం చేత లోను కాగితాల మీద సంతకాలు పెట్టిస్తుంటాడు. అయినా మా వంశం మొత్తానికీ ఎంబీఏ అతనొక్కడే. చెట్టు లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షం కదా. నల్లకళ్లజోడు నెత్తి మీదికి ఎక్కించుకుని, అట్టపెట్టె ఒకటి మోయించుకుని వచ్చాడు.

"సూడు మరదలా, క్యాట్ అంటే స్ట్రాటజీ. ఈ సెట్టుంటే మరింకేటీ అక్కర్లేదు. నాను దీంతోనే కొట్టినాను."

నాన్న ఆ పెట్టెను రెండు చేతులా ఎత్తి చూశాడు. "బరువున్నాదిరా," అన్నాడు మెచ్చుకోలుగా. వాపు చూసి బలుపు అనుకోవడమంటే ఇదే. నేనొక పుస్తకం తెరిచాను. కాగితాలు ఒకదానికొకటి అంటుకుని, విడదీస్తే పటపటమన్నాయి. వెనకున్న సీడీకి చుట్టిన ప్లాస్టిక్ అలాగే ఉంది. మొత్తం సెట్టులో పెన్సిల్ తగిలింది ఒక్క చోటే. అక్కడున్న ఒక ఆడమనిషి ఫొటోకి మీసాలు దిద్ది ఉన్నాయి.

"బావా, ఈ లెక్క ఎలా చేస్తారు?" అని మొదటి పాఠంలోదే ఒకటి చూపించాను.

అతను దాన్ని దూరం నుంచీ దగ్గర నుంచీ చూశాడు. "ఇది బేసిక్కే. బేసిక్కులు నాను సెప్పను. అడ్వాన్స్‌డ్ ఉంటే అడుగు."

సరేనని చివరి పాఠంలోంచి ఒకటి తీశాను.

"బేసిక్కు రాకుండా నీకు అడ్వాన్స్‌డ్ ఎందుకే?" అన్నాడు.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మా అమ్మ సుభద్రమ్మ మాత్రం "బావని అలగ నిలదీయకూడదే, పాపం టీ కూడా తాగలేదు" అంటూ పళ్లెం నిండా జంతికలు తెచ్చి పెట్టింది. నాన్న తీర్పు ఇచ్చేశాడు. "ఈ పుస్తకాలకి సీటొచ్చినాది. నాకది సాలు."

"సీటు పుస్తకాలకి రాలేదు నాన్నా. అత్త అమ్మిన పొలానికి వచ్చింది," అన్నాను.

బావ జంతిక నమలడం ఆపాడు. అమ్మ నా వీపు మీద ఒకటి వేసింది.

అక్కడితో అయిపోలేదు. నాన్న తన డ్రైవర్ సోములుకి ఫోన్ చేసి, రాయ్‌పూర్ నుంచి వచ్చేటప్పుడు ఎంబీఏ పుస్తకాలు పట్టుకురమ్మన్నాడు. టైర్లూ, ఉల్లిపాయలూ తెచ్చే మనిషిని పుస్తకాలు తెమ్మంటే ఏం తెస్తాడు? హిందీలో అచ్చేసిన రైల్వే ఉద్యోగాల పుస్తకాలు ఒక కట్ట తెచ్చాడు. ఇవెందుకు తెచ్చావని అడిగితే "అట్ట మీద కోటేసుకున్నోడున్నాడమ్మా, ఎంబీఏ అనుకున్నాను" అన్నాడు. నాన్న వాటిని కూడా అలమరలో పెట్టించాడు. ఎప్పుడైనా పనికొస్తాయట.

ఇక లాభం లేదని నేను పద్మకుమారి దగ్గరికి వెళ్లాను. పక్క వీధిలో ఉంటుంది, నాకంటే మూడేళ్లు పెద్ద. ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతుంది. క్యాట్ రెండుసార్లు రాసింది, రెండుసార్లూ పోయింది. అప్పటినుంచి మా ఊళ్లో ఆమె పేరు ఒక హెచ్చరిక బోర్డు. ఎవరి పిల్లయినా పెద్ద చదువు మాటెత్తితే "పద్మకుమారికేటైనాదో సూసినావు కదా" అంటారు. వాళ్లలో ఒక్కరికీ ఆ పరీక్షలో ఏముంటుందో తెలియదు.

ఆమె పుస్తకాలు చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. మామూలువే, పలచటివే. కానీ తప్పు పోయిన ప్రతి లెక్క పక్కనా ఎందుకు పోయిందో రాసుకుంది. "ప్రశ్న పూర్తిగా చదవలేదు." "ఇక్కడ తొందరపడ్డాను." "దీన్ని వదిలేసి ముందుకు పోవాల్సింది." పరీక్షలో మనిషి ఎక్కడెక్కడ జారిపడతాడో అంతా అందులో ఉంది. నాకివే కావాలని అడిగాను. "తీసుకో. నాకింక పనేటున్నాది వాటితో," అంది. మోయగలిగినన్ని నేను మోసుకొచ్చాను. మిగిలినవి ఆమే తెస్తానంది.

ఇక్కడ మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. సాలూరులో పాత పార్టుల బేరం జోరుగా సాగుతుంది. పాత పార్టు కొనేవాడు అడిగే మొదటి మాట "ఏ బండిది?" అని. ఏ చిక్కూ లేకుండా ఏళ్ల తరబడి తిరిగిన బండిదైతే కళ్లకద్దుకుంటారు. ఘాట్ రోడ్డులో లోయలో పడిన బండిదైతే, అది ఎంత బాగున్నా, ఊరికే ఇచ్చినా ముట్టుకోరు. ఇనుముకి కూడా జాతకం కట్టే మేధావులు మా వాళ్లు.

నాన్న ఆ పుస్తకాలు తిరగేస్తూ అదే అడిగాడు. "ఎవరివి?"

"పద్మక్కవి."

చెయ్యి కాలినట్టు వెనక్కి తీసుకున్నాడు. "రెండుసార్లు తప్పినదాని పుస్తకాలు ఇంట్లోకి తెస్తావేటే? బుద్ధున్నాదా నీకు? ఘాట్‌లో పడిపోయిన బండి స్టీరింగు తెచ్చి ఎవడైనా మంచి బండికి బిగిస్తాడేటి?"

నేను జవాబు చెప్పబోతూ గుమ్మం వైపు చూశాను. పద్మక్క నిలబడి ఉంది, చేతిలో మిగిలిన పుస్తకాలతో. అంతా విన్నది. అమ్మ కంగారుగా "రామ్మా, లోపలికి రా" అంది గానీ ఆమె రాలేదు.

"పర్లేదు మావయ్యా. మీ బయం మీది," అంది. నేను తెచ్చినవి కూడా తీసుకుని, అన్నీ గుండెకి ఆనించుకుని వెళ్లిపోయింది.

నాన్న మీద నాకంత కోపం ఎన్నడూ రాలేదు. చదువుకోని వాళ్ల మూర్ఖత్వం ఒక ఎత్తు, ఎదుటి మనిషి మొహం మీదే దాన్ని విసరడం ఇంకో ఎత్తు. "ఆవిడేమన్నా బండా? పడిపోతే తుక్కు కింద అమ్మేయడానికి?" అని అరిచాను. ఆ రోజు అన్నం ముట్టలేదు. మర్నాడు పద్మక్క ఇంటికెళ్లి చదువుకుంటానని భీష్మించుకున్నాను. నాన్న కాసేపు రుసరుసలాడి ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. "ఎల్లు. డౌట్లుంటే అడుగు. గానీ సదివినది మాత్రం రమేష్‌బాబు పుస్తకాలే సదవాలి."

అలాగేనన్నాను. బావ పుస్తకం ఒకటి చంకన పెట్టుకుని వెళ్లడం, అక్కడ దాన్ని చాప కింద పడేసి పద్మక్క పుస్తకాలు చదవడం. నాలుగు నెలలూ ఇదే పని. ఇంట్లో ఉన్న మిగతా సెట్టుకి అమ్మ ప్రతి శుక్రవారం అగరొత్తి వెలిగించేది. లెక్కలు అగరొత్తులకి లొంగితే ఈపాటికి మా ఊళ్లో అందరూ కలెక్టర్లే.

పద్మక్క నేర్పిన తీరు మాత్రం వేరు. నేను తప్పు చేస్తే జవాబు చెప్పేది కాదు, ఎక్కడ దారి తప్పానో వెతికించేది. ఒకరోజు ఉన్నట్టుండి అంది, "నీకు సెప్తుంటే నానెక్కడ తప్పు పోతన్నానో నాకే తెలుస్తన్నాది రేఖా. నాను కూడా మల్లీ రాసేస్తాను. ఎవలికీ సెప్పకు, ఊరంతా నవ్వుతాది."

పరీక్ష వైజాగ్‌లో. బస్సెక్కించడానికి వచ్చిన నాన్న ఆర్టీసీ బస్సు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టబోయాడు. "ఇదేటి, నీ సొంత లారీయేటి? తియ్యి ముందు," అని డ్రైవర్ కసిరాడు. నేను కిటికీలోంచి మొహం తిప్పేసుకున్నాను. పద్మక్క నా పక్కనే కూర్చుంది. పిన్నిగారింటికి వెళుతోందనుకున్నాడు నాన్న.

ఇంత మందిని ఇన్ని మాటలన్న నేను పరీక్షలో ఏం వెలగబెట్టాను? ఒక పట్టిక లెక్క దగ్గర ఇరుక్కున్నాను. వదిలెయ్, వదిలెయ్ అని లోపల ఒక గొంతు మొత్తుకుంటూనే ఉంది. వదల్లేదు. నాకు రాకపోవడమేమిటన్న పొగరు. తల ఎత్తి చూసేసరికి ఆ భాగానికి టైం అయిపోయింది.

జనవరిలో ఫలితాలొచ్చాయి. నాది ఏ మంచి కాలేజీ గుమ్మం దాకా కూడా పోయే మార్కు కాదు. పద్మక్కకి తొంభై ఏడు పర్సెంటైల్. ఆమెను వాటేసుకుని "ఎంత సంతోషంగా ఉందో అక్కా" అన్నాను. ఇంటికొచ్చి దుప్పటి ముసుగేసుకుని ఏడ్చాను. కుళ్లుకున్నాను. నిజమే, కుళ్లుకోక ఏం చేస్తాను?

నాన్న తిట్టలేదు. "రేపట్నించి బేగి లెగు. ఆఫీసు ఎనిమిదికి తియ్యాల," అన్నాడు. అంతే. టీ గ్లాసులు, గ్రీజు గోడలు, ఫోన్లు. "బండెక్కడున్నాది" అని నేను అరవడం మొదలుపెట్టిన మొదటి రోజే, నాకు పని అప్పజెప్పడానికి ఆగిన గుమాస్తా మెచ్చుకున్నాడు, గొంతు బాగుందట. పద్మక్క ఇంటర్వ్యూలకి తిరుగుతోందని వింటూ లోడు వెంట పంపే వే బిల్లులు రాసేదాన్ని.

మే నెలలో ఆమెకి రాంచీ ఐఐఎంలో సీటొచ్చింది. ఊరు ఒక్క పూటలో ప్లేటు ఫిరాయించింది. ఆమె ఎదురొస్తే పక్కకి తప్పుకున్నవాళ్లు ఇప్పుడు పిల్లల్ని తీసుకెళ్లి కాళ్లకి మొక్కిస్తున్నారు. సిగ్గన్నది ఉండొద్దూ!

ఆ ఆదివారం నాన్న స్కూటర్ మీద ఇంటికొచ్చాడు. వెనక సీటు మీద ఎర్రగుడ్డలో చుట్టిన మూట. పైన బంతిపూల దండ. దాన్ని రెండు చేతులా ఎత్తి పట్టుకుని, చెప్పులు విడిచి లోపలికి తెచ్చి బల్ల మీద పెట్టాడు. విప్పితే పద్మక్క పుస్తకాలు. నాలుగు నెలలు నేను తిరగేసినవే. ఆమె రాసిన మాటల పక్కన నా అక్షరాలు కూడా ఉన్నాయి, ఆయన చూస్తే కదా.

"ఊళ్లో శానామంది అడిగినారట. ఆ తల్లి మాత్రం నాకే ఇచ్చినాది," అన్నాడు నాన్న. మొహం వెలిగిపోతోంది. "రమేషుగాడివి వట్టి డూప్లికేట్ పుస్తకాలే. అవి సదివిస్తే నీకెలగ వస్తాది? ఆ తప్పు నాది. ఒకసారే అన్నాను, నిజమే. గానీ సరైన పార్టు బిగించకుండా బండి ఘాట్ ఎక్కలేదని బండిని తిడితే అయిపోద్దేటి? మల్లీ రాయి. గుమాస్తాని ఇంకో ఏడు ఉండమని బతిమాలుకున్నాను."

నాకు నోరు దురద పెట్టింది. ఈ పుస్తకాలే చదివాను నాన్నా, వీటితోనే తప్పాను. నువ్వు గుమ్మంలోంచి తరిమేసినవి ఇవే. అమ్మ అగరొత్తులు వెలిగించినవాటిని నేనసలు తెరవనే లేదు. ఒక్క ముక్క చాలు, ఈ తెలివితక్కువ సిద్ధాంతమంతా పేకమేడలా కూలిపోతుంది. పద్మక్కకి అప్పుడు పడిన మాటకి బదులు కూడా తీరుతుంది. ఆ తరవాత సోమవారం ఎనిమిదింటికి నేను ఆఫీసు తాళం తియ్యాలి. ఈసారి ఎప్పటికీ.

"ఏటలా సూస్తావు? మంచివి కావేటి?" అన్నాడు నాన్న, కాస్త బెరుగ్గా.

"చాలా మంచివి నాన్నా," అన్నాను. "అచ్చొచ్చిన పుస్తకాలు."

అమ్మ కుంకుమ భరిణె పట్టుకొచ్చింది. ముందు పుస్తకాలకి పెట్టి, తరవాత నా వైపు తిరిగింది. నేను తల వంచాను.