ఆరేళ్లుగా నిద్రపోతున్న బిడ్డ

గొర్రెల బొచ్చు కత్తిరించాక ఆడవాళ్లంతా కలిసి వాగులో ఉతకడం అట్లాస్ కొండల్లోని మా ఊళ్లో ఏటా జరిగేదే. తడిసిన ఉన్ని రాయంత బరువుంటుంది. మోపు ఎత్తబోయిన తూదాను అత్త రఖియా ఆపింది.

"నువ్వు కూచో. వాడికి దెబ్బ తగులుతుంది."

పక్కన ఉన్ని బాదుతున్న ఇత్తో నవ్వింది. "వాడు లేచేసరికి మీసాలొస్తాయిలే వదినా. అప్పుడు వాణ్ణే ఎత్తమను!"

అందరూ నవ్వారు. కడుపు మీద చెయ్యి వేసుకుని తూదా కూడా నవ్వింది.

కడుపులో బిడ్డ నిద్రపోతుందని, ఏళ్ల తర్వాత లేచి పుడుతుందని మా వైపు అందరికీ తెలుసు. నమ్ముతామని అనం, తెలుసంటాం. తూదా భర్త హద్దూ కాసాబ్లాంకా నగరానికి తాపీ పనికి వెళ్లిన కొత్తలోనే ఆమెకు నెల తప్పింది. తొమ్మిది నెలలు గడిచినా కాన్పు కాలేదు. మంత్రసాని యెజ్జా కడుపు పట్టి చూసి, తండ్రి దూరమయ్యాడని బిడ్డ అలిగి పడుకున్నాడంది. అది ఆరేళ్ల కిందటి మాట.

ఆ మాట తూదాకు నీడ కూడా ఇచ్చింది. ఆమెను ఎవరూ గొడ్రాలనలేదు. హద్దూకు మరో పెళ్లి చేద్దామనలేదు. "ఇవాళ కదిలాడా?" అని ఎవరో ఒకరు రోజూ అడిగేవారు. అడిగిన తర్వాత నిజంగానే ఏదో కదిలినట్టుండేది. కానీ ఈ చలికాలం నుంచి అక్కడే నొప్పి మొదలైంది. బట్టలకు రక్తం అంటుకునేది. వాటిని దాచి ఉతుక్కునేది. పట్నం వెళితే లోపల ఎవరూ లేరంటారేమో! అప్పుడు ఈ ఇంట్లో తానెవరు? నొప్పికన్నా ఆ ప్రశ్నకే ఆమె ఎక్కువ భయపడింది.

ఆ మధ్యాహ్నం లేవబోయి వాగు ఒడ్డునే కూలిపోయింది. రాళ్ల మీద రక్తం.

"లేచాడు! నా మనవడు లేచాడు! యెజ్జా అవ్వను పిలవండే!" అని రఖియా అరిచింది.

ఎనభై ఏళ్ల యెజ్జా వచ్చి తూదా పొట్ట మీద చెయ్యి పెట్టింది. వందల కాన్పులు చేసిన ఆ చెయ్యి ఒకచోట ఆగిపోయింది. ఆడవాళ్లంతా ఆమె నోటివైపే చూస్తున్నారు.

"వ్యాను పిలవండి. ఆసుపత్రికి తీసుకెళ్లాలి."

"కాన్పుకి ఆసుపత్రెందుకు? నువ్వున్నావుగా?"

"ఇది కాన్పు కాదు రఖియా. నా చేతికి బిడ్డ తగలట్లేదు. గడ్డ తగులుతోంది."

"నోరు ముయ్యి! పడుకున్నాడని చెప్పింది నువ్వేగా?"

"నేనే. నాకు మా అమ్మ చెప్పింది. అలా లేచిన బిడ్డను మీలో ఎవరన్నా చూశారా?"

"అవతలి లోయలో ఒకడు పదేళ్లకి లేచాడంటగా!" అంది ఇత్తో.

"వాణ్ణి చూద్దామనే ఒకసారి వెళ్లాను. వాళ్లు నవ్వి, 'అది జరిగింది మీ ఊళ్లోనే కదా' అన్నారు."

ఇత్తో చేతిలోని ఉన్ని కింద పెట్టేసింది.

"మరి ఇన్నేళ్లూ ఎందుకు దాచావు?" రఖియా నిలదీసింది.

"చెబితే ఇలాంటి కోడళ్లని ఇళ్లలో ఉండనిచ్చేవారా? జాలి అనుకున్నాను. ఊరంతా ఒకే మాట చెబుతోంటే నాకూ నిజమే అనిపించింది. ఎవరు చూశారని ఒక్కరం అడిగినా, ఈ పిల్లకి వైద్యం ఎప్పుడో అందేది."

పట్నంలో వైద్యులు పుచ్చకాయంత గడ్డ తీశారు. ఇంకొన్నాళ్లు ఆగితే దక్కేది కాదన్నారు. తూదా కళ్లు తెరిచేసరికి, ఆరేళ్ల కిందట మనవడి కోసం తాను అల్లిన చిన్న ఉన్ని టోపీ పట్టుకుని అత్త మంచం పక్కన కూర్చుని ఉంది.

"అత్తా, ఆయనకి ఏం చెబుతావు?"

రఖియా టోపీని మడిచి ఒళ్లో పెట్టుకుంది.

"నా కళ్లతో చూసిందే చెబుతాను. చచ్చిపోయేదానివి, బతికావు. అంతకుమించి నేనేం చూడలేదు. ఇక పడుకో. ఇంటికి కలిసే వెళదాం."

దుప్పటి కింద తూదా చెయ్యి అలవాటుగా కడుపు మీదికి వెళ్లింది. అక్కడ ఏదో కదిలినట్టే అనిపించింది. ఆమె ఉలిక్కిపడి చెయ్యి తీసేసింది.

గడ్డను వైద్యులు ఒక్క పూటలో తీసేశారు. ఊరంతా కలిసి ఆమెలో పెంచిన నమ్మకాన్ని మాత్రం, ఎవరు చూశారని రోజూ అడుగుతూ, ఆమే తీసేసుకోవాలి. మన నమ్మకాల సంగతీ అంతే.