షామ్‌రాక్ మునిగిన గ్లాసు

మార్చి నెలలో, పునీత పాట్రిక్ పండుగనాడు డింప్నా హెరటీ ఉదయం ఆరింటికే టూహీ పబ్బు వంటింట్లో పొయ్యి వెలిగించింది. ముందురోజు నానేసిన, ఉప్పులో ఊరిన పంది మాంసం ఇరవై కిలోలూ తీసి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో పడేసింది. పండుగ వంట ఇక్కడ ఆమెకిది ఇరవై రెండోసారి. మోకాళ్ళు అప్పుడే పీకుతున్నాయి.

ఏడింటికి పబ్బు యజమాని మలాకీ టూహీ వచ్చి గుమ్మంలో ఆగాడు.

"ఏంటి, కొత్తల్లుడిలా అక్కడే నిలబడ్డావ్?" అంది డింప్నా.

"సాయంత్రం కోల్మన్‌కి గ్లాసు పొయ్యనా, మాననా?"

డింప్నా క్యాబేజీ తరగడం ఆపింది.

కోల్మన్ ఆమె తమ్ముడు. ఇంకో ఏడాది ఇలాగే తాగితే ఆపై ఏడాది ఉండవని జనవరిలో డాక్టరు వాడితో చెప్పాడు. ఈస్టరు ముందు తపస్సు కాలం మొదలయ్యే బూడిద బుధవారం నుంచి వాడు మందు ముట్టలేదు. ఆ నలభై రోజులూ ఊళ్ళో అందరూ ఏదో ఒకటి మానేస్తారు. ఒకరు మిఠాయిలు, ఒకరు సిగరెట్లు. నడుమ వచ్చే ఈ పండుగ ఒక్కరోజు ఆ నియమానికి సెలవు. మర్నాడు మళ్ళీ మానేస్తారు. కోల్మన్‌కి ఆ మర్నాడు రాదు. పోయినేడు ఇదే రోజున ఒక్క గ్లాసన్నాడు. ఆ గ్లాసు మే నెలలో ఆస్పత్రిలో ఆగింది.

సాయంత్రం అయిదింటికి మలాకీ పబ్బులో ఉన్నవాళ్ళందరికీ తలో గ్లాసు నల్ల బీరు ఊరికే పోస్తాడు. వాళ్ళ నాన్న, తాత కూడా పోశారు. పండుగ గుర్తుగా కోటుకు గుచ్చుకున్న మూడాకుల షామ్‌రాక్ రెమ్మని అందులో ముంచి, అడుగు దాకా తాగి, ఆకుని ఎడమ భుజం మీదుగా విసరాలి. పోసిన గ్లాసు వెనక్కివ్వకూడదు, పారబొయ్యకూడదు. ఇంటికి మంచిది కాదంటారు.

"పోస్తే నాకు పాపం. పొయ్యకపోతే ఊరి ముందు వాణ్ణి వెలేసినట్టు," అన్నాడు మలాకీ. "పైగా తాగుడు మానాడని నాలుగేళ్ళ తర్వాత ఇవాళే వాణ్ణి ఊరేగింపులో ట్రాక్టరు తోలనిస్తున్నారాయె."

"ఫాదర్‌ని అడగలేకపోయావా?"

"అడిగాను. డింప్నాని అడుగన్నాడు."

"పోసెయ్. వాడికి కాపలా కాసే ఓపిక నాకిక లేదు మలాకీ."

మలాకీ ఆమె స్వెటరు మీది బ్యాడ్జి వైపు చూశాడు. మందు ముట్టనని ఒట్టేసినవాళ్ళు పెట్టుకునే బ్యాడ్జి అది. ఆమె పదహారో ఏట పెట్టుకుంది. నలభై మూడేళ్ళయింది. అతను వెళ్ళిపోయాడు.

పదకొండింటికి పెరటి గుమ్మం ముందు ట్రాక్టరు ఆగింది. కోల్మన్ గడ్డం గీసుకుని, కోటు వేసుకుని వచ్చాడు.

"అక్కా, నా షామ్‌రాక్ ఏది?"

"కొయ్యలేదు. తీరిక దొరకలేదు."

"మరి కిటికీలో, ఆ గాజు సీసాలో ఉన్నదేంటి? సాసులోకా?"

ఆమె చేతులు తుడుచుకుని, సీసాలోంచి ఒక రెమ్మ తీసి వాడి కాలరుకు గుచ్చింది. గుచ్చుతూ వాడి వాసన చూసింది. ఇంజను ఆయిలు వాసన. ఇంకేమీ లేదు.

"చూశావుగా, ఇక వదులు," అన్నాడు కోల్మన్.

ఊరేగింపు అయ్యాక జనం లోపలికి వచ్చారు. నాలుగింటిలోపు ఎనభై పళ్ళేలు వెళ్ళాయి. మాంసం, ఆ నీళ్ళలోనే ఉడికించిన క్యాబేజీ, బంగాళాదుంపలు, పైన తెల్ల సాసు. పర్యాటకుడొకడు పండుగకి రంగు కలిపిన ఆకుపచ్చ బీరు కావాలన్నాడు. "ఆకుపచ్చది కావాలంటే క్యాబేజీ ఉంది," అని మలాకీ కేకేయడం వంటింట్లోకి వినిపించింది. డింప్నాకి నవ్వే ఓపిక లేదు. పొద్దుట్నించి ఆమె కూర్చోలేదు.

అయిదయింది. వంటింటికీ పబ్బుకీ మధ్య పళ్ళేలు అందించే కిటికీలోంచి ఆమె చూసింది. మలాకీ వరసగా పోసుకొచ్చాడు. కోల్మన్ దగ్గర అతని చెయ్యి క్షణం ఆగి, పోసింది. అందరూ రెమ్మలు ముంచారు. కోల్మన్ కూడా ముంచాడు. మిగతా గ్లాసులన్నీ పైకి లేచాయి. వాడి గ్లాసు గుండె దాకా లేచి నిలిచిపోయింది. నురగ వేళ్ళ మీదికి కారుతోంది.

"ముంచమన్నాం రా కోల్మన్, ఈత నేర్పమనలేదు," అన్నాడు పక్కనున్న గిల్రాయ్. అంతా నవ్వారు.

కోల్మన్ నవ్వలేదు. కిటికీ వైపు చూశాడు. చిన్నప్పుడు చెట్టెక్కి దిగడం రాక చూసిన చూపు.

డింప్నా వంటింట్లోంచి బయటికొచ్చింది. వాడి చేతిలోంచి గ్లాసు తీసుకుంది.

"వాడు ట్రాక్టరు ఇంటికి తోలాలి," అంది.

స్వెటరు మీది బ్యాడ్జి తీసి ఏప్రను జేబులో వేసుకుంది. నవ్వులు ఆగిపోయాయి. ఆమె తాగింది. మధ్యలో రెండుసార్లు ఆగి ఊపిరి పీల్చుకుంది. అడుగున మిగిలిన రెమ్మని వేళ్ళతో తీసి ఎడమ భుజం మీదుగా విసిరితే అది గిల్రాయ్ చొక్కాకు అంటుకుంది. గిల్రాయ్ దాన్ని దులుపుకోలేదు. మలాకీ తుడిచిన బల్లనే మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు.

ఆమె వెనక్కి వెళ్ళి గిన్నెలు తోమడానికి నిలబడింది. కాసేపటికి కోల్మన్ వచ్చి తువ్వాలు అందుకున్నాడు.

"నలభై మూడేళ్ళక్కా."

"నాకు తెలుసు."

"ఎందుకు తాగావ్?"

"పారబొయ్యకూడదుగా."

వాడు మూడు పళ్ళేలు తుడిచాడు. నాలుగోది అందుకున్నాడు.

"ఈ చేదు కోసమా నాన్న పొలం పోగొట్టావు?" అంది డింప్నా.

కోల్మన్‌కి నవ్వొచ్చింది. ఆపుకోలేక పళ్ళెం కింద పెట్టి, తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు. అలాగే చాలాసేపు ఉన్నాడు. ఆమె వాడి వైపు చూడలేదు. మూలనున్న పీట లాక్కుని, ఆ రోజుకి మొదటిసారి కూర్చుంది.

"రేపు నీకు మందు మానేసి ఇరవై తొమ్మిదో రోజు," అంది. "నాకు మొదటిది. ఆ పెద్ద గిన్నె కూడా తుడిచెయ్. నేను లేవలేను."