అక్క నోట చెల్లెలి మాట

చెల్లెలి మాట బయటివాళ్లకు అర్థం కాదు. పుట్టుకతో వచ్చిన కండరాల బిగింపు ఆమె కాళ్లతో పాటు నాలుకనూ పట్టుకుంది. మాటలు తడిబట్టల్లా ఒకదానికొకటి అంటుకుని వస్తాయి. వాటిని విడదీసి ఎదుటివాళ్లకు అందించడం ముప్పై ఏళ్లుగా అక్క పని. ముందుగదిలో కుట్టుమిషను తొక్కుతున్నా ఆమె చెవి వెనకగదిలోనే ఉంటుంది.

"నా మైకువే నువ్వు," అనేది చెల్లెలు.

"మైకు అరిగిపోయిందే తల్లీ," అనేది అక్క. అనేటప్పుడు లోపల గర్వంగానే ఉండేది.

చెల్లెలి లాంటివాళ్ల ఇళ్లకు సహాయకుల్ని పంపే ఆఫీసులో ఆ నెల పద్ధతి మారింది. ఇన్నాళ్లూ వాళ్లు ఎవరిని పంపితే వాళ్లే సహాయకురాలు. ఇకమీదట ఎవరు కావాలో, ఎప్పుడు రావాలో చెల్లెలే చెప్పాలి. ఇద్దరు వచ్చి కనిపించి వెళ్లారు. మొదటావిడ ఆసుపత్రిలో రిటైరైన నర్సమ్మ. నీటుగా కూర్చుని ప్రశ్నలన్నీ అక్కనే అడిగింది. రెండో ఆవిడ ఒకప్పుడు బస్సు కండక్టరు. అరగంట ఆలస్యంగా వచ్చింది. చక్రాల కుర్చీకి ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఒక్క ముక్క అర్థం కాలేదండీ. ఇంకోసారి చెప్పండి."

చెల్లెలు చెప్పింది.

"ఊహూఁ. ఇంకోసారి."

అక్క నోరు తెరవబోతే కండక్టరమ్మ చెయ్యెత్తి ఆపింది. "ఉండండమ్మా, తొక్కిసలాట వద్దు. ఆవిణ్ణి దిగనివ్వండి."

నాలుగోసారికి, "ఓహో, కిటికీనా!" అంటూ లేచి రెక్క తోసింది. ఇద్దరూ పగలబడి నవ్వారు. ఆ నవ్వుకు అక్క అవసరం లేకపోయింది.

మర్నాడు ఆఫీసు నుంచి ఒకాయన కాగితంతో వచ్చాడు. "ఎవరు కావాలమ్మా?"

"నిన్న కిటికీ తెరిచినావిడ," అంది చెల్లెలు.

ఆయన అలవాటుగా అక్క వైపు చూశాడు.

"నర్సమ్మ," అంది అక్క.

ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో అప్పుడు ఆమెకే తెలియలేదు. ఆయన రాసుకుని వేలిముద్ర అడిగాడు. చెల్లెలు అక్కను ఒక్కసారి చూసింది. వేలు వెనక్కి తీసుకోలేదు.

తరవాత మూడు వారాలు అక్క తేలు కుట్టిన దొంగలా తిరిగింది. ఆలస్యంగా వచ్చే మనిషిని ఎలా నమ్మడం అని తనకు తానే నచ్చజెప్పుకుంది. నర్సమ్మ చేతులు ఎంత శుభ్రమో అని మెచ్చుకుంది. ఎవరూ అడగని వాదన ఎందుకు చేస్తున్నట్టు? చెల్లెలికి రెండు కొత్త గౌన్లు కుట్టింది, దుప్పట్లకు ఇస్త్రీ చేసింది.

"ఏంటే, నాకు ఈ రాచమర్యాదలు?" అంది చెల్లెలు. అక్క మడిచిన దుప్పటినే మళ్లీ మడిచింది. చెల్లెలు అంతకుమించి ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేదనిపించింది అక్కకు.

ఒక ఉదయం నర్సమ్మ దువ్వెన పట్టుకుని ముందుగదిలోకి వచ్చింది. "పాప జుట్టు కత్తిరించేద్దామమ్మా. దువ్వలేక చేతులు పడిపోతున్నాయి."

ముప్పై రెండేళ్ల పాప లోపల్నుంచి గట్టిగా, "వద్దు," అంది.

"ఏమంటోంది?"

"వద్దంటోంది."

నర్సమ్మ గొంతు తగ్గించింది. "ఆమెకేం తెలుస్తుంది? సరేనందని చెప్పండి, సరిపోతుంది. నేనెవరికి చెప్పబోతాను?"

అక్క ఆ మొహంలోకి చూసింది. అందులో చెడ్డతనం లేదు. నిజంగా మంచిదనే అనుకుంటూ చెబుతోంది. తనూ అలాగే అనుకుంది కదా.

"వద్దంటే వద్దండీ," అని, ఆమెను ఆ పూటకు పంపించేసి వెనకగదిలోకి వెళ్లింది.

"ఆ రోజు ఆయనకి నేను అబద్ధం చెప్పాను."

"విన్నాను. నా చెవులు బానే ఉన్నాయి."

"మరి అప్పుడే ఎందుకు ఊరుకున్నావే?"

"అబద్ధమని ఎవరితో చెప్పించను? నీతోనేగా."

అక్క మంచం పట్టె మీద కూలబడింది. ఈ మూడు వారాలూ చెల్లెలు తనను క్షమించి ఊరుకుందేమోనని ఆశపడింది. ఊరుకోవడం కాదు అది. తలుపు బయటి నుంచి గడియ పెట్టి ఉంది, అంతే.

"ఫోన్ చెయ్యి," అంది చెల్లెలు. "నేనన్నది అన్నట్టు పలుకు."

ఆఫీసాయన ఎత్తాడు. చెల్లెలు ఒక్కో వాక్యం చెబుతోంది, అక్క పలుకుతోంది.

"కాగితంలో ఉన్నది నేను అడిగిన మనిషి కాదు. నాకు కండక్టరమ్మ కావాలి. మా అక్క మార్చి చెప్పింది."

ఆ చివరి మాట దగ్గర నాలుక మొండికేసింది. 'పొరపాటు పడింది' అన్నా అవతల ఆయనకు తెలియదు. చెల్లెలు కన్నార్పకుండా చూస్తోంది. అక్క ఉన్నదున్నట్టే అంది. అని ఊరుకోక, "కావాలనే," అంది.

"అది నేననలేదు," అంది చెల్లెలు.

"ఎవరు మాట్లాడుతున్నారమ్మా ఇప్పుడు?" అన్నాడాయన.

"ఆ ఒక్క మాట నాదండీ," అంది అక్క.

చెల్లెలు ఇంకొకటి చెప్పింది. అక్క దాన్ని కూడా పలికింది. "ఆవిడ నా మాట నేర్చుకునేదాకా మా అక్క నా గదిలోకి రాకూడదు."

ఫోన్ పెట్టాక, "నా మీద కోపం పోతుందా ఎప్పటికైనా?" అని అడిగింది అక్క.

"చూద్దాం. ఇప్పుడే మాటివ్వలేను."

సోమవారం కండక్టరమ్మ ఈసారి వేళకే వచ్చింది. వెనకగది తలుపు మూసుకుంది. కాసేపటికి లోపల్నుంచి చెల్లెలి గొంతు వినిపించింది. మంచినీళ్లు అడుగుతోంది. అక్కకు మొదటిసారికే తెలిసిపోయింది.

"దుప్పటా? కాదా? ఫ్యానా?" అంటోంది కండక్టరమ్మ.

చెల్లెలి గొంతు పెరిగింది. దాహం వేసినప్పుడు అదెలా ఎండిపోతుందో అక్కకు తెలుసు. లేచి తలుపు దాకా వెళ్లింది. తలుపు మీద చెయ్యి కూడా వేసింది. వేసిన చెయ్యి తీసుకుని వచ్చి, మిషను ముందు కూర్చుని, లోపలి మాట వినపడనంత జోరుగా తొక్కడం మొదలుపెట్టింది. సూది కింద గుడ్డ లేదన్న సంగతి చాలాసేపటికి గాని ఆమె గమనించలేదు.