పని లేనప్పటి పరీక్ష

బరువు మోయించి చూడనిదే దేన్నీ నమ్మకూడదన్నది ఆయనకు మిగిలిన ఏకైక సిద్ధాంతం. లిఫ్టుల తనిఖీ అధికారిగా, మనుషులు ఎక్కబోయే ప్రతి పెట్టెలోనూ ముందుగా ఇనుప దిమ్మెలు ఎక్కించి చూడడంలోనే ఆయన ఉద్యోగ జీవితం గడిచిపోయింది. రిటైరై నెల కావస్తోంది. ఇంట్లో పరీక్షించడానికి కుర్చీలు తప్ప మరేమీ మిగలని తరుణంలో భార్య కంప్యూటర్‌లో ప్రాసెసర్ పాడైంది.

ఆయన బాధ నటించాడు.

ఆమె ఆర్కిటెక్టు. పాత కంపెనీ వదిలేసి సొంతంగా ఒప్పుకున్న మొదటి పని, కట్టబోయే ఆసుపత్రి లోపల నడిచి చూస్తున్నట్టుండే వీడియో. అది ఆ సాయంత్రానికి అందాలి. అందకపోతే ఆసుపత్రి ఆ పాత కంపెనీ చేతికే వెళ్తుంది. గ్యారంటీ కింద వచ్చిన కొత్త ప్రాసెసర్‌ను ఆమె తమ్ముడు పొద్దున్నే తెచ్చి బిగించాడు.

"మామూలు వేగంతో సాయంత్రానికి అవ్వదక్కా. ఓవర్‌క్లాక్ చెయ్యాలి. అంటే కంపెనీ పెట్టిన వేగం కన్నా కాస్త ఎక్కువ పరిగెత్తించడం."

"కాలిపోతే?"

"బావగారున్నారుగా! ఆయన పర్మిషన్ లేకుండా వేడెక్కే ధైర్యం దానికెక్కడిది?"

బావగారు అప్పటికే కళ్లజోడు తుడుచుకుంటున్నాడు.

ఆ తర్వాత ఆయన చేసినదాంట్లో వంక పెట్టడానికి ఏమీ లేదు. చిక్కంతా అక్కడే ఉంది. బావమరిది చూపించినట్టే వేగాన్ని ఒక్కో మెట్టూ పెంచాడు. మెట్టు మెట్టుకీ స్ట్రెస్ టెస్ట్ నడిపాడు. ప్రాసెసర్‌కు ఊపిరాడనన్ని లెక్కలు అప్పజెప్పి, ఎక్కడ తడబడుతుందో చూసే ప్రోగ్రాం అది. ఉష్ణోగ్రత హద్దును సమీపించగానే ఆగాడు. వేడి ఇంకా తగ్గితే మంచిదని, దానికి అందే వోల్టేజీని కూడా కాస్త కోశాడు. ఆ చివరి జాగ్రత్త ఆయనను ఎవరూ అడగలేదు.

"ఏమండీ, పరీక్షలు రాయడానికే దాని ఆయుష్షు సరిపోయేలా ఉంది," అంది భార్య, గుమ్మంలో నిలబడి.

"ఇక కూర్చో. దీన్ని ఏ పనీ పడగొట్టలేదు."

నిజంగానే ఏ పనీ పడగొట్టలేదు. వీడియో మొత్తం తయారయ్యేదాకా అది ఒక్కసారి కూడా తడబడలేదు. ఇక మిగిలింది వీడియోలో గదుల పేర్లు రాయడమే. ఆమె 'నిరీక్షణ గది' అని టైపు చేసి, ఇంకో మాట బాగుంటుందేమోనని ఆగింది. తెర బిగుసుకుపోయింది.

కంప్యూటర్ ఆపి మళ్లీ వేశారు. ఆయన మళ్లీ స్ట్రెస్ టెస్ట్ పెట్టాడు. దర్జాగా పాసైంది. ఆమె రాయబోయింది, ఆలోచించడానికి ఆగింది, తెర మళ్లీ బిగుసుకుపోయింది.

"నేను ఆలోచిస్తే దీనికి గిట్టడం లేదు," అంది ఆమె. "అచ్చం మా పాత బాసే."

సోఫాలో వాలిన తమ్ముడు లేచి కూర్చున్నాడు. "బావగారూ, పని చేయిస్తూ చూశారు సరే. ఊరికే ఉంచి చూశారా?"

"ఊరికే ఉన్నదాన్ని పరీక్షించడమేమిటయ్యా?"

"పని లేనప్పుడు వోల్టేజీ దానంతటదే తగ్గిపోతుంది. అందులోంచి మీరు ఇంకాస్త కోశారు. పాపం, కునుకు తీయబోతే ప్రాణం పోతోంది."

కష్టానికి తట్టుకున్నది విశ్రాంతికీ తట్టుకుంటుందని ఆయన ఇన్నేళ్లూ నమ్మాడు. ఏ ఆధారంతో నమ్మాడో ఇప్పుడు వెతికితే దొరకలేదు.

భారీ పని అయిపోయింది కనుక, వేగాన్నీ వోల్టేజీనీ కంపెనీ పెట్టిన చోటికే తెచ్చారు.

"ఇప్పుడు బాగుందని నమ్మకమేంటి?" అంది ఆమె. "పేర్లన్నీ రాశాక మళ్లీ పోతే, ఇక టైముండదు."

"కాసేపు వదిలేసి చూడాలక్కా. ఎవరైనా పక్కన కూర్చోవాలి. మౌస్ కూడా ముట్టుకోకూడదు."

అక్కాతమ్ముళ్లిద్దరూ ఆయన వైపు చూశారు.

"మేం కాఫీ తాగొస్తాం," అంది భార్య. "మీరేం చెయ్యకండి. ఏమీ అంటే ఏమీ."

ఆయన కూర్చున్నాడు. తెర మీద గడియారం తప్ప ఏదీ కదలడం లేదు. ఆయన చేతులు కొంతసేపు మోకాళ్ల మీద ఉన్నాయి. తర్వాత కుర్చీ స్క్రూ వదులైందేమో తడిమి చూశాయి. వదులు కాలేదు. రిటైరైనప్పటి నుంచి రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు. భార్య అడిగినప్పుడల్లా ఉక్కపోత అని చెబుతున్నాడు. అది గుర్తొచ్చి, తెర వైపు మరింత శ్రద్ధగా చూశాడు. స్నానాల గదిలో కొళాయి చుక్కలు చుక్కలుగా కారుతోంది.

వాళ్లు తిరిగొచ్చేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. ఆమె మౌస్ కదిపింది. తెర మీద బాణం బుద్ధిగా కదిలింది. ఆమె పేర్లన్నీ రాసింది, ఆగినప్పుడల్లా తీరిగ్గా ఆలోచించింది, ఏమీ కాలేదు. వెలుతురుండగానే వీడియో వెళ్లిపోయింది.

స్నానాల గదిలోంచి స్పానర్ చప్పుడు వస్తోంది.

"ఏమండీ," అని పిలిచింది ఆమె. "పాసైంది!"

చప్పుడు ఆగింది. ఏది పాసైందని ఆయన అడగలేదు.

"కొళాయి ఇంకొంచెం బిగించాలి," అన్నాడు. చప్పుడు మళ్లీ మొదలైంది.