ఆరని గోడ

"అందువల్ల" అనే మాటను పెన్సిలుతో కొట్టేసి, పాలు పొంగుతాయేమోనని పొయ్యి వైపు చూశాడు. ఇంకా పొంగలేదు. ఆ మాట లేకుండా వాక్యం ఎలా ఉందోనని పెదవులు కదుపుతూ చదువుకున్నాడు. బాగానే ఉంది. ఇన్నేళ్ళుగా ఆ మాట ఏ పనీ చేయకుండా అక్కడ కూర్చుని ఉందన్నమాట. అది తలుచుకుంటే కోపం రాలేదు, నీరసం వచ్చింది. ఈలోగా పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి.

చేతికందిన కాగితం తీసి తుడిచాడు. అదీ అతను ఏళ్ళుగా రాస్తున్న పరిశోధన పేపరే, ఎప్పటిదో పాత ప్రతి. ఆ ఇంట్లో తుడవడానికి గుడ్డ వెతుక్కోనక్కర్లేదు. అలమర అరల్లో పరిచినవీ, కిటికీ రెక్క కొట్టుకోకుండా మడిచి దోపినవీ, మంచం కోడు కింద ఎత్తుకు పెట్టినవీ అన్నీ ఆ పేపరు తాలూకు ప్రతులే. కాలేజీలో విద్యార్థులు అతన్ని చిత్తు సారు అంటారు. ఒకసారి కొత్తగా చేరిన అమ్మాయి ఒకతె అసలు పేరు అదే అనుకుని, "చిత్తు సార్ ఇవాళ వస్తారాండీ?" అని అతన్నే అడిగింది. "వచ్చాడు, కూర్చోమ్మా," అని పాఠం మొదలుపెట్టాడు.

లోపలి గదిలోంచి టంగుమని గ్లాసు మోగింది.

"మాడు వాసన వస్తోంది. పాలు పోగొట్టావు కదూ," అంది అక్కయ్య.

"కొంచెమేలే."

"కొంచెమో గొప్పో. ఆ పేపరైనా తెమిలిందా?"

"ఇవాళ పంపేస్తా అక్కయ్యా. ఇవాళే ఆఖరు రోజు."

"పోయినేడూ ఇదే మాట విన్నా. అప్పుడు నా కాళ్ళు ఇంత లావు లేవు."

పాలు చల్లార్చి తీసుకెళ్ళాడు. అక్కయ్య రెండు దిళ్ళకు ఆనుకుని కూర్చుంది. పడుకుంటే ఊపిరి అందదు. పాదాలు వాచి, చీలమండలు ఎక్కడున్నాయో తెలియడం లేదు. చేతులు మాత్రం ఎండుపుల్లల్లా ఉన్నాయి. కుడిచేతి వేలికి ఒక ఉంగరం వదులుగా తిరుగుతూ ఉంటుంది. అది పెళ్ళినాటిది కాదు. మొగుడు పోయాక ఆసుపత్రి లాండ్రీలో చేరి, దుప్పట్లు ఉతికి, మడతలు పెట్టి తమ్ముణ్ణి చదివించింది. పని మానేసిన రోజున తోటి ఆడవాళ్ళు అందరూ కలిసి కొనిచ్చిన ఉంగరం అది. మంచం పక్క స్టూలు మీద స్టీలు గ్లాసు. దాని అంచుకు ఉంగరం తగిలిస్తే పిలుపు గంట.

ఆ గ్లాసుకు పిలుపు కన్నా పెద్ద పని ఇంకోటి ఉంది. అక్కయ్య యాభై దాటాక, వంటింటి బల్ల దగ్గర, తమ్ముడి చేతే అక్షరాలు దిద్దించుకుంది. బస్సు మీది ఊరి పేరూ, మందు సీసా మీది పేరూ చదువుకుంటుంది. చిన్న అక్షరాలు మాత్రం ఆమెకు చీమల బారుల్లాగే ఉండిపోయాయి. అందుకని అతను మొదటిసారి ఒక వ్యాసం రాసి చూపించినప్పుడు, "నువ్వే చదువు, వింటా. అర్థం కాని చోట కొడతా," అని గ్లాసు దగ్గరికి లాక్కుంది. అప్పటి నుంచీ అదే పద్ధతి. గ్లాసు మోగిందంటే ఆ వాక్యం మళ్ళీ రాయాలి. ఒకసారి "ఇక్కడ గమనించదగిన విషయమేమంటే" అని మొదలుపెట్టాడు. టంగుమంది. "గమనించక నిద్రపోతున్నానా? విషయం చెప్పు," అంది. ఆ మాట మళ్ళీ అతని రాతలో ఎక్కడా కనబడలేదు.

డాక్టరు పోయిన వారమే చెప్పాడు, ఆసుపత్రిలో పెట్టి ఆమెను కష్టపెట్టొద్దు, ఇంట్లోనే ఉండనివ్వండి అని. అప్పటి నుంచి అతనికి ఒకటే కోరిక మిగిలింది. గ్లాసు మోగకుండా ఈ పేపరు ఒక్కసారి చివరిదాకా ఆమెకు చదివి వినిపించాలి.

పేపరు గోడల గురించి. వాన నీళ్ళు తాగిన గోడకు ఏ గార పూసి ఉంటే తొందరగా ఆరుతుంది. అంతే సంగతి. కాలేజీ వెనక వాడకుండా వదిలేసిన సామాన్ల గది ఒకటుంది. దాని గోడలకు గార పూయించి, పైపుతో తడిపి, తేమ మీటరు ముళ్ళు గుచ్చి చూస్తూ వచ్చాడు. మూడు గోడలకు మూడు రకాలు. నాలుగోదానికి మాత్రం మొదటి గోడకు పూసిన గారే మళ్ళీ పూయించాడు, ఫలితం నిజమో, ఏదో కలిసొచ్చి అలా కనబడిందో తేల్చుకుందామని. మొదటి గోడ అన్నిటికన్నా ముందు ఆరింది. అదే గార పూసిన నాలుగోది ఆరనే లేదు. ఏ ఏడూ ఆరలేదు. పునాది పక్కన తవ్వించాడు. నీళ్ళ పైపులు వెతికించాడు. కప్పు ఎక్కి చూశాడు. కారణం దొరకలేదు.

పేపరు ఇన్నేళ్ళు నలగడానికి ఆ గోడే మూలం. దాని గురించి చెప్పాల్సిన చోటికి వచ్చేసరికి అతని వాక్యాలు పొడుగైపోతాయి. "స్థానికమైన విశిష్ట పరిస్థితుల దృష్ట్యా విడిగా పరిగణించవలసిన" అంటూ ఎక్కడికో వెళ్ళిపోతాయి. సరిగ్గా అక్కడే ప్రతిసారీ గ్లాసు మోగుతుంది. పోయినేడు జర్నల్ వాళ్ళు కూడా, విషయం ఉంది కానీ దారి కనబడటం లేదని తిప్పి పంపారు.

పక్కింట్లో ఉండే దర్జీ ఆవిడ కొలతల టేపు మెడలో వేసుకుని వచ్చింది. పగలంతా కుట్టుపని తెచ్చుకుని అక్కయ్య దగ్గరే కూర్చుంటుంది. "వెళ్ళి రండి, నేనున్నాగా," అంది. అతను కాగితాల సంచీ భుజానికి తగిలించుకుని బయల్దేరాడు.

బస్సులో చోటు దొరకలేదు. క్లాసులో చెప్పిన పాఠమే చెప్పాడు. వెనక బెంచీలో ఎవరో ఆవలిస్తే తనకూ ఆవలింత వచ్చింది. క్లాసు అయ్యాక డిపార్ట్‌మెంటు హెడ్డు కబురు పెట్టాడు.

హెడ్డు ఒకప్పుడు అతని శిష్యుడే. తెలివైనవాడు, మంచివాడు. పేపరు మీద అతని పేరు కూడా ఉంది. ఆ పేరుంటే జర్నల్ వాళ్ళు కాగితం తిరగేసి చూస్తారు. చిత్తు సారు పేరు ఒక్కటే ఉంటే ఎవరు చూస్తారో చెప్పలేం.

"సార్, మళ్ళీ మొత్తం చదివాను. ఒక మాట చెప్తా, కోపం తెచ్చుకోకండి."

"కోపానికి ఓపిక కావాలి బాబూ. చెప్పు."

"ఆ నాలుగో గోడ తీసేద్దాం."

అతను కిటికీ వైపు చూశాడు. అక్కడి నుంచి సామాన్ల గది కప్పు కనబడుతుంది.

"అబద్ధం రాయమనట్లేదు సార్. మూడు గోడల సంగతి మూడు గోడలుగా రాద్దాం. పెళ్ళి ఫొటోలో చుట్టాలందరూ పడతారా ఏంటి? ఎవరో ఒకరు వంటింట్లో ఉండిపోతారు."

"ఆ వంటింట్లో ఉన్నదెవరని అడిగితే?"

"ఉన్నారని తెలిస్తే కదా అడగడానికి." హెడ్డు గొంతు తగ్గించాడు. "ఈ టర్ముతో మీరు రిటైరైపోతున్నారు. సెలవుల్లో ఆ గది కూడా పడగొట్టేస్తారు. ఇప్పుడు పోకపోతే ఈ పేపరు ఇక పోదు సార్. మీ ఇన్నేళ్ళ కష్టం ఇంట్లో అలమరలో పరుచుకోవడానికేనా?"

అలమర సంగతి ఇతనికెలా తెలుసా అనుకున్నాడు. ఇంకా వాదించే ఓపిక లేకపోయింది. "సరే," అన్నాడు.

తన గదికి వచ్చి కంప్యూటరు ముందు కూర్చుని నాలుగో గోడను తీసేశాడు. అంత కష్టపెట్టినది పోవడానికి ఎంతోసేపు పట్టలేదు. మిగిలిన వాక్యాలు పైకి జరిగి, సందు లేకుండా సర్దుకుని కూర్చున్నాయి. పేపరు చూడ్డానికి ముచ్చటగా ఉంది. ఒక ప్రతి అచ్చు తీసుకుని సంచీలో పెట్టుకున్నాడు.

గేటు దాకా వెళ్ళి, ఏమనుకున్నాడో, వెనక్కి తిరిగి సామాన్ల గదికి వెళ్ళాడు. విరిగిన బెంచీల మధ్య నుంచి నడిచి నాలుగో గోడ మీద అరచెయ్యి పెట్టాడు. చల్లగా ఉంది. చెయ్యి తీసి ప్యాంటుకు తుడుచుకున్నాడు.

ఇంటికి వచ్చేసరికి ఎండ ఇంకా వాకిట్లోనే ఉంది. దర్జీ ఆవిడ జాకెట్టుకు హుక్కులు కుడుతోంది. "మధ్యాహ్నం ఏమీ తినలేదండీ. రెండు గుక్కల నీళ్ళు తాగారు, మీరొచ్చారా అని అడిగారు," అంది.

అక్కయ్య ముఖం పొద్దుటి కన్నా పాలిపోయి ఉంది. ఒక్కో మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటోంది. అయినా అతన్ని చూడగానే ఉంగరం ఉన్న చెయ్యి గ్లాసు పక్కకు చేరింది.

"చదువు."

చదివాడు. పేరు దగ్గర్నుంచి మొదలుపెట్టి, గోడలు ఎందుకు తడుస్తాయో, ఆ తడి మనుషుల్ని ఎలా పట్టుకుంటుందో చెప్పిన మొదటి పేజీ అంతా చదివాడు. గ్లాసు మోగలేదు. అతని గొంతు కాస్త తేరుకుంది. "ఈ పరిశీలన కోసం ఒక గదిలోని మూడు గోడలను తీసుకున్నాం," అన్నాడు.

టంగుమంది.

"నాలుగు కదరా?"

"నాలుగోది తీసేశామక్కయ్యా."

"పడగొట్టారా?"

"లేదు. పేపర్లోంచి తీసేశాం."

"గోడ అక్కడే ఉందిగా?"

"ఉంది."

"ఆరిందా?"

"ఆరలేదు. ఇందాకే చెయ్యి పెట్టి చూశా."

అక్కయ్య కళ్ళు మూసుకుంది. దర్జీ ఆవిడ సూది ఆపి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"మరి చెప్పకపోతే ఎట్లా?" అంది అక్కయ్య. "నీ మాట నమ్మి ఎవడో అదే గార పూయించుకుని, చంటిబిడ్డను ఆ గోడ పక్కన పడుకోబెడితే?"

"అక్కయ్యా, అది పెడితే మిగతాదీ ఎవరూ నమ్మరు. ఎందుకు ఆరలేదో నాకు తెలిస్తే కదా రాయడానికి! నాకు తెలీదు."

"ఆ ముక్కే రాయి."

"ఏ ముక్క?"

"తెలీదని. ఇన్నేళ్ళ నుంచీ చదువుతున్నావు. అంతంత పొడుగు మాటలన్నావు గానీ ఈ ముక్క ఒక్కసారీ అనలేదు."

అతను మంచం పట్టె మీద కూర్చుండిపోయాడు. వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. జేబులోంచి పెన్సిలు తీసి, కాగితం మోకాలి మీద పెట్టుకుని, అంచున ఉన్న ఖాళీలో రాశాడు. కొట్టివేతలు లేకుండా రాశాడు. రాసింది చదివాడు.

"నాలుగో గోడకు మొదటి గోడకు పూసిన గారే పూశాం. అది ఆరలేదు. ఎందుకు ఆరలేదో మాకు తెలియదు. మొదటి గోడ గురించి చెప్పినదాన్ని ఈ సంగతి గుర్తుంచుకుని చదవాలి."

అక్కయ్య వేలు గ్లాసు అంచు మీదే ఉంది. కదల్లేదు.

"మోగించలేదే?"

"అర్థమైతే ఎందుకు మోగిస్తా? పంపించెయ్."

"మిగతాది వినవా?"

"పంపి వచ్చి చదువు. మళ్ళీ ఇంకో మాట దొరికితే ఇవాళ కూడా పోదది. నీ పేరు వేస్తారా?"

"వేస్తే వేస్తారు."

"పెద్ద అక్షరాల్లో వెయ్యమను. నేనే చదువుకుంటా."

ముందు గదిలోకి వచ్చి హెడ్డుకు ఫోన్ చేశాడు. "నాలుగో గోడ మళ్ళీ పెట్టాను," అన్నాడు.

"ఎందుకు సార్?"

"మా అక్కయ్య అడిగింది."

"మీ అక్కయ్యగారు జర్నల్లో ఉన్నారా?"

"లేదు. మంచంలో ఉంది."

హెడ్డు గట్టిగా ఊపిరి వదలడం వినబడింది. "అయితే నా పేరు తీసెయ్యండి సార్. వేరేగా అనుకోకండి. నా కింద ఇంకా చాలా పేపర్లు పోవాలి."

"అనుకోను బాబూ."

"సార్... ఎలా ఉంది ఆవిడకి?"

"వింటోంది," అన్నాడు.

ఆ గదిలోనే ఉన్న కంప్యూటరు ముందు కూర్చుని, పెన్సిలుతో రాసిన వాక్యాలు చేర్చి, పేపరు మీంచి హెడ్డు పేరు తీసేశాడు. "మాకు తెలియదు" అన్న చోట "నాకు తెలియదు" అని మార్చాడు. ఇంకోసారి చూద్దామని చెయ్యి లాగింది కానీ, చూడలేదు. పేపరు పంపించేశాడు. తరువాత మొదటి పేజీ ఒక్కటే, పేపరు పేరూ తన పేరూ బొటనవేలంత పెద్ద అక్షరాల్లో పెట్టి, అచ్చు తీశాడు. పిల్లల వాచకంలో పేజీలా ఉంది. నవ్వొచ్చింది.

ఆ కాగితం పట్టుకుని లోపలికి వెళ్ళాడు. దర్జీ ఆవిడ దీపం వెయ్యడానికి లేచి, స్విచ్చి దగ్గరే నిలబడి ఉంది. జాకెట్టు కింద పడి ఉంది.

"ఇప్పుడే అండీ," అంది. "పంపాడా అని అడిగారు. ఆఁ పంపారండీ అన్నాను. చెయ్యి దించుకున్నారు. నిద్ర అనుకున్నాను."

అక్కయ్య తల దిండు మీద ఒక పక్కకు వాలి ఉంది. చెయ్యి మంచం పట్టె దిగి వేలాడుతోంది. అతను దాన్ని తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు. వేలు మీద ఉంగరం కిందికి జారింది, పైకి తోశాడు. పెద్ద అక్షరాల కాగితం దుప్పటి మీద పరిచాడు.

ఎవరికి కబురు చెయ్యాలో దర్జీ ఆవిడ అడిగింది. అతనికి వినబడలేదు. ఇందాక పెన్సిలుతో రాసిన ప్రతి తెచ్చి, ఆపిన చోటు వెతుక్కుని, చదవడం మొదలుపెట్టాడు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గుమ్మంలో కూర్చుంది. మూడు గోడలు ఎలా ఆరాయో చదివాడు. నాలుగోది ఎలా ఆరలేదో చదివాడు. చివరి పేజీలో "సమగ్రంగా పరిశీలించిన మీదట" అన్న చోట తనంతట తానే ఆగి, కాసేపు ఎదురుచూశాడు. అక్కడ మోగి ఉండేది. పెన్సిలు తీసి, పంపేసిన పేపరే అయినా, ఆ మాట కొట్టేశాడు. తరువాత చివరిదాకా చదివాడు.

వీధిలో నుంచి ఇద్దరు ముగ్గురు వచ్చారు. వాళ్ళకు చోటు కావాలని దర్జీ ఆవిడ స్టూలు మీది గ్లాసు తీయబోయింది.

"దాన్ని అక్కడే ఉండనివ్వమ్మా," అన్నాడు.

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. గ్లాసు అంచు ఒక పక్కన, ఉంగరం తగిలి తగిలి, చిన్న చిన్న సొట్టలతో గరుకుగా ఉంది. రెండు గుక్కలు పోను మిగిలిన నీళ్ళు అందులో అలాగే ఉన్నాయి.